ముప్పయ్యో కూత

సాక్షి పుస్తకం
పద్నాలుగో క్రషర్ శిబిరం, చెడుగుడు బరి
రాస్తున్నది: అంపైరు మంగవేణి

మొదటి పేజీ (అన్నిటికంటే చివర రాసింది)

అసిరిని చంపింది మీరు.

అవును, మిమ్మల్నే అంటున్నాను. కొండల మీది ఊళ్లలో వడగట్టిన గాలి పీలుస్తూ, గోడంత తెర మీద మా ఆట చూసే మిమ్మల్నే. ఆకుపచ్చ దీపం వెలిగినంతసేపూ చప్పట్లు కొట్టారు. ఆ ఇరవై మూడు సెకన్లూ కొట్టారు. రికార్డింగు ఉంది, విన్నాను. "మేం చూశామంతే కదా" అంటారని తెలుసు. చూడటమే మీ పని అయినప్పుడు కాస్త సరిగ్గా చూసి ఉండాల్సింది.

ఆట అయిన ప్రతిసారీ అంపైరు ఈ పుస్తకంలో రాయాలని ఒక నియమం. దీన్ని ఎవరైనా చదువుకోవచ్చని ఇంకో నియమం. ఎవరూ చదవరు. అందుకే ఇన్నాళ్లూ ఫలితం గడి నింపేసి, మిగిలిన కాగితం మీద నా ఇష్టం వచ్చింది రాసుకున్నాను. ఈసారి చదవండి. పాత పేజీలు ఒక్క మాట మార్చకుండా కింద పెట్టాను. నా పరువు తీసేవీ వాటిలో ఉన్నాయి. చదవండి.

ఆట 9

ఫలితం: గెలుపు. అసిరి పేరు మీద ఇప్పటికి ఇరవై నాలుగు పూర్తి కూతలు. ఇవాళ రెండు తెగినవి.

నీళ్లబండి రెండు బిందెలే ఇచ్చింది. ఒకటి బరి తడపడానికి, ఒకటి కూత వినే గొంతు పట్టీలు కడగడానికి. రెండూ బరి మీదే పోసేశాను. తడపకపోతే నాలుగో నిమిషానికి ఎవరూ ఎవరికీ కనపడరు. సముద్రానికి అడ్డంగా కట్టే గోడ కోసం మేం పగలగొట్టే రాయి అంతా లారీ ఎక్కదు. కొంత ఇక్కడే గాలిలో ఉండిపోతుంది. పట్టీలు చీరచెంగుతో తుడిచాను.

ఆ తెగిన రెండు కూతలూ తెగలేదు. నేను గీత మీదే ఉన్నాను. ఒకే ఊపిరిలో కూస్తూ అవతలి బరిలోకి వెళ్లాలి, ఒకరినైనా తాకాలి, గుక్క తియ్యకుండా వచ్చి మధ్యగీత ముట్టుకోవాలి. ఆటంతా ఇంతే. నాకీ పని నేర్పిన ముసలాయన ఒక పద్ధతి చెప్పాడు: కూతకి వెళ్లిన మనిషితోపాటు నువ్వూ ఊపిరి బిగబట్టు. ఆవిడ గుక్క తీస్తే నీ చెవికంటే ముందు నీ పక్కటెముకలకి తెలుస్తుంది. ఇరవై ఆరేళ్లుగా అలాగే బిగబడుతున్నాను. ఇవాళ రెండుసార్లూ నా ఊపిరి అసిరితోనే వెళ్లి అసిరితోనే వచ్చింది. గొంతు పట్టీ మాత్రం ఎర్రదీపం వెలిగించింది.

పట్టీతో విని తీర్పు చెప్పే ఆ యంత్రం పేరు శ్రవణి. మా ఆడపిల్లలు సెవిటిది అంటారు. దసరాకి దాని డబ్బా మీద నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు.

ఆటయ్యాక అసిరి నా దగ్గరికొచ్చింది. ఇరవై రెండేళ్ల మనిషి, కనురెప్పల మీద కూడా రాతిపొడి.

"నాను గుక్క తియ్యలేదప్పా. నీ మీదొట్టు."

"నాకు తెలుసే."

"తెలిస్తే సెప్పవేటి మరి? ఈల మెళ్లో ఏసుకుని దిష్టిబొమ్మలాగ నిలబడ్డానికేటి నువ్వు?"

కెప్టెన్ గురమ్మ వెనకనుంచి అందుకుంది: "ఒలే, దిష్టిబొమ్మని అనకే. అదైతే కాకుల్నన్నా తోల్తాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

సీజను ముగిసేలోపు ముప్పై పూర్తి కూతలు పెట్టిన మనిషికి తెల్లచీటీ ఇస్తారు. చీటీ ఉంటే ఈ శిబిరం వదిలి గాలివాడకి వెళ్లిపోవచ్చు. అక్కడ దుమ్ముండదు. తోడుగా ఒకరిని తీసుకెళ్లొచ్చు. అసిరి తోడు గడిలో గురమ్మ పేరు రాయించింది. గురమ్మ ఈ మధ్య మెట్లెక్కేటప్పుడు మూడోమెట్టు మీద ఆగుతోంది.

ఆట 10

ఫలితం: ఓటమి. అసిరి: ఒక్క పూర్తి కూతా లేదు, తెగినవి మూడు.

మొదటి ఎర్రగుడ్డ ఎత్తాను. సీజనుకి అంపైరుకి మూడు ఎర్రగుడ్డలు. ఎత్తితే యంత్రం తీర్పుని మళ్లీ వింటారు. వినేది ఎవరనుకున్నారు? శ్రవణే. తన తీర్పు తనే విని తనే బాగుందంది. మూడూ వీగిపోతే అంపైరుని తీసేస్తారు.

నాలుగో కూతలో అసిరి అవతలి మూలన పడబోతే నా కాలు దానంతటదే బరిలోకి పడింది. కూత నడుస్తుండగా అంపైరు గీత దాటితే ఆ కూత రద్దు. రద్దయింది. ఆ ఒక్కటీ ఆకుపచ్చగా ఉన్న కూత.

"అప్పా," అంది గురమ్మ, "నీ కాలు నువ్వు గుంజకి కట్టేసుకో. మాకు పగదానిగా ఆ యంత్రవొక్కత్తి సాలు."

ఇకమీదట కాలు కదపనని అసిరికి మాటిచ్చాను.

యంత్రం చూసుకునే కుర్రాడు వినీల్ పట్నంనుంచి వచ్చాడు. మంచివాడే. కూర్చోబెట్టి అడిగాను.

"వినీల్, అసిరి ఛాతీలో పిల్లికూతలున్నాయి. ఊపిరి బయటికి వదిలేటప్పుడు లోపల కీచుమంటుంది. మీ యంత్రం దాన్ని గుక్క తీసుకోవడం అనుకుంటోంది."

"అలా అనుకునే అవకాశం తక్కువ మేడం. లక్షన్నర కూతలు విని నేర్చుకుంది."

"ఎవరి కూతలు?"

"అకాడమీ అమ్మాయిలవి."

"కొండమీది అకాడమీ. దుమ్మంటే పుస్తకాల అరమీద ఉండేది అనుకునే పిల్లలు."

వాడు నొచ్చుకున్నాడు. "మేడం, ఒక్క మాట. పాత తీర్పులన్నీ లెక్క తీయించాను. మనుషులు అంపైర్లుగా ఉన్నప్పుడు కాలనీ జట్లకి నూటికి ముప్పై ఒకటి తప్పు తీర్పులు. పెద్దవీధి జట్లకి ఎనిమిది. శ్రవణి తప్పులు మొత్తంమీద నాలుగు. ఏది న్యాయం?"

వాడు చెప్పింది నిజం. ఆ రోజుల్లో అంపైరు కూత వినేవాడు కాదు, ఇంటిపేరు వినేవాడు. మా కాలనీ నుంచి ఆడిన నేను ఏడేళ్లు ఆ తీర్పులు తిన్నాను. పన్నెండేళ్ల కిందట "మనిషి తీర్పు మాకొద్దు" అని సంతకాలు సేకరించిన వాళ్లలో, అప్పటికి నేనూ అంపైరునే అయినా, నేనున్నాను. ఇల్లిల్లూ తిరిగాను. మైకు పట్టుకుని అరిచాను. యంత్రానికి కులం లేదు, మేనల్లుడు లేడు అన్నాను.

అయినా అడిగాను: "ఆ నాలుగు మొత్తంమీద కదా. మా శిబిరంలో ఎంత?"

"శిబిరాలవారీగా లెక్క లేదు మేడం."

"ఎందుకు లేదు?"

"ఎవరూ అడగలేదు."

ఆట 12

ఫలితం: గెలుపు. అసిరి: ఒకటి పూర్తి (మొత్తం ఇరవై ఐదు), తెగినవి నాలుగు.

రెండో ఎర్రగుడ్డ ఎత్తాను. వీగిపోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఒక పని చేశాను. క్రషర్ దగ్గర పదిహేనేళ్లు చేసి మానేసిన సన్నాసమ్మ, షెడ్డు నీడన కునుకు తీస్తోంది. అడిగి, ఆవిడ మెడకి పట్టీ కట్టాను. "ఇదేటే, నాకు మళ్లీ పుస్తె కడతన్నావేటి?" అంది. పడుకుంది. పక్కన కూర్చుని లెక్కపెట్టాను. ఊపిరి వదులుతున్నప్పుడు పట్టీ ఎర్రగా వెలిగింది. ఒక్క గంటలో నలభై ఒక్కసార్లు. నిద్రపోతున్న ముసలిదాన్ని యంత్రం నలభై ఒక్కసార్లు దొంగని చేసింది.

ఇదంతా రాసి నిర్ణయ మండలికి పంపాను. సాయంత్రానికే జవాబొచ్చింది. "సదరు వ్యక్తి నమూనా పరిధిలో లేరు. కావున పరిశీలనార్హం కాదు."

లేరట. ఈ సన్నాసమ్మలు కొట్టిన రాయి మీ గోడలో ఉంది. ఆ గోడ వెనక మీరున్నారు. నమూనాలో మాత్రం ఆవిడ లేదు.

సెలవు రోజు

అసిరి పొద్దున్నే వచ్చింది. నేను బరి గీతలకి రాతిపొడి పోస్తున్నాను. ముగ్గు దొరికి నాలుగేళ్లయింది.

"అప్పా, ఇంకైదు కావాలి నాకు. ఐదాటలున్నాయి."

"పెడతావు."

"పెడతాను. అది తెంపెస్తాది." నా చేతిలో పొడిడబ్బా లాక్కుని గీత అదే పోస్తూ అంది: "అదేటి వింటాదో నీకు తెలుసు కదా. అదెలగ కావాలంటే నానలగే కూస్తాను. నేర్పు."

వద్దన్నాను. యంత్రంతో కొట్లాడాలి గానీ దానికి తగ్గట్టు మనం మారకూడదన్నాను. మండలి దగ్గరికి నడుద్దాం, శిబిరాలన్నీ కలుపుదాం అన్నాను. మైకు ముందు మాట్లాడినట్టే మాట్లాడాను.

అసిరి గీత పూర్తిచేసి నడుం పట్టుకుని నిలబడింది. "నువ్వు సెప్పింది నిజివేనప్పా. కానీ నీ ఊరేగింపు గాలివాడకి ఎల్లేసరికి గురమ్మకి ఊపిరుండాల కదా."

నేర్పాను.

గొంతు వెనక నాలుక నొక్కిపెట్టి ఊపిరిని లోపలే కట్టెయ్యాలి. పక్కటెముకలు కదలకూడదు. సన్నటి దారమంత గాలి మాత్రం వదలాలి. అప్పుడు ఛాతీలో కీచుమనేదానికి సందు దొరకదు. కూత ఎంత సన్నగా ఉంటుందంటే పక్కనున్న మనిషికి కూడా వినపడదు, మెడకి అంటుకుని ఉన్న పట్టీకే వినపడుతుంది. నాలుగోసారికి పట్టీ పచ్చగా వెలిగి అలాగే ఉండిపోయింది.

అసిరి కళ్లలోంచి నీళ్లు కారాయి. "నొప్పా?" అన్నాను.

"ఇక్కడ, సూది గుచ్చినట్టు," అంది ఎడమ రొమ్ము కింద చెయ్యి పెట్టి. వెంటనే నవ్వింది. "సూదేటప్పా. మేం గునపాలు మోసినోళ్లం."

ఆట 14

ఫలితం: గెలుపు. అసిరి: రెండు పూర్తి. మొత్తం ఇరవై ఏడు. తెగినవి లేవు.

ఆట 16

ఫలితం: గెలుపు. అసిరి: రెండు పూర్తి. మొత్తం ఇరవై తొమ్మిది.

జట్టంతా ఎగిరి గంతేశారు. గురమ్మ నా నడుం పట్టి ఎత్తబోయి దగ్గొచ్చి దింపేసింది. "ఎత్తలేనే నిన్ను. గాలివాడెల్లొచ్చాక ఎత్తుతాను," అంది.

మీకూ బాగా నచ్చిందట. నిశ్శబ్ద కూత అని పేరు పెట్టారట, కొండ మీద మీ పిల్లలు ఆడుకుంటున్నారట. "శిబిరాల క్రీడాకారిణులు సాంకేతికతకు అనుగుణంగా ఎదుగుతున్నారు" అని మండలి ప్రకటన వేసింది. చదివి కాగితం చింపాను. చింపేముందు, ఎవరికీ చెప్పను గానీ, ఒక క్షణం పొంగిపోయాను. ఆ విద్య నేర్పింది నేను.

ఇంకోటి కూడా రాసిపెట్టాలి. ఇప్పుడు నాకూ దాని కూత వినపడటం లేదు. ఊపిరి కలుపుదామంటే ఆ పక్కటెముకలు కదలవు. పాత పద్ధతి వదిలేశాను. గీత మీద నిలబడి దీపం చూస్తున్నాను.

ఆట 17

ఫలితం గడి ఖాళీగా వదిలేస్తున్నాను.

పగలు మూడు గంటలు. నీళ్లబండి రాలేదు. పొడి బరి మీదే ఆడించాను. వాయిదా వెయ్యొచ్చు, వెయ్యలేదు. ఒక్క కూత మిగిలుంది.

ఏడో నిమిషంలో అసిరి వెళ్లింది. దీపం పచ్చగా ఉంది. కుడిమూలన ఒకమ్మాయి కాలు తాకింది. తిరిగింది. ఇద్దరు నడుం పట్టబోయారు, జారిపోయింది. మధ్యగీతకి రెండు జానల దూరంలో మోకాళ్ల మీద పడింది. తరవాత పక్కకి వాలింది. చెయ్యి గీత వైపు చాచి ఉంది.

దీపం పచ్చగానే ఉంది.

అవతలి జట్టు ఆగిపోయింది. కూత నడుస్తోంది కదా, ఇది ఎర అనుకున్నారు. దగ్గరికెళ్తే తాకి గీత ముట్టేసుకుంటుందని వెనక్కి తగ్గారు. వాళ్ల తప్పు లేదు. చప్పుడు లేదు. కానీ చప్పుడు లేకపోవడం నెల్నాళ్లుగా మాకు అలవాటైపోయింది.

"రాయే! రెండు జానలే! సెయ్యి సాపే!" అని గురమ్మ అరుస్తోంది.

నా కాలు లేచింది. లేచిన కాలిని నేను ఆపాను. గీత దాటితే కూత రద్దు. ఇది ముప్పయ్యోది. దాటనని దానికి మాటిచ్చాను. దీపం చూశాను. పచ్చగా ఉంది. ఇంకోసారి చూశాను. పచ్చగా ఉంది.

ఇరవై ఆరేళ్లు మనిషి ఛాతీని విన్నదాన్ని, ఒక మనిషి నా కాళ్ల ముందు పడి ఉంటే, బతికుందా లేదా అని బల్బుని అడిగాను.

గురమ్మే గీత దాటింది. అప్పుడు ఎర్రదీపం వెలిగింది. "అనుమతి లేని ప్రవేశం" అని.

మూడో రోజు

నర్సు చెప్పింది. దుమ్ముతో గట్టిపడిన ఊపిరితిత్తి అంత ఒత్తిడికి చిరిగిందట. గాలి బయటికొచ్చి ఛాతీలో నిండి గుండెని తోసేసిందట. ఆస్పత్రి బండి దారిలో ఉండగానే అసిరి పోయింది.

"ఆ కాసిన్ని సెకన్లు ముందెళ్లినా బతికేదని చెప్పలేం మేడం," అంది. నన్ను ఓదార్చాలని అంది. బతికేది కాదని మాత్రం అనలేకపోయింది.

వినీల్ యంత్రం రాసుకున్నది పట్టుకొచ్చాడు. నేను చదివాను. పడిన క్షణం నుంచి ఇరవై మూడు సెకన్లు, ఒక్కో సెకనుకీ ఒక్కో వరస. ప్రతి వరసలోనూ ఒకే మాట: గుక్క లేదు. కూత కొనసాగుతున్నది.

"అది వినేది గుక్క ఒక్కటే మేడం," అన్నాడు. "గుక్క తియ్యకపోతే తప్పు లేదనుకుంటుంది. ఎందుకు తియ్యట్లేదో..."

"అడగడం దానికి నేర్పలేదు."

"లేదు."

"నీకెవరైనా నేర్పారా?"

కఠినంగా అన్నానని తెలుసు. వాణ్ని అన్నది నన్ను అనుకోవాల్సిన మాట.

గురమ్మ అసిరి పట్టీ కడుగుతూ కూర్చుంది. తాగడానికిచ్చిన నీళ్లతో కడుగుతోంది. పట్టీ పిండుతూ అంది: "నానలగ ఎల్లకపోతే ముప్పయ్యోది అయ్యుండేదేమో కదప్పా."

"లేదే," అన్నాను. "నేను నీకంటే ముందు వెళ్లి ఉంటే ఇలా ఉండేది కాదు."

"నీకు దీపం పచ్చగుంది కదా."

మన్నించడానికే అంది. ఆ మాట నన్ను ఎన్నాళ్లు తింటుందో దానికి తెలియదు.

ఐదో రోజు

మూడో ఎర్రగుడ్డ ఎత్తాను. ఖాళీ బరిలో, ఒక్కదాన్నే, అసిరి పడిన చోట నిలబడి ఎత్తాను. జవాబు: "మధ్యగీత తాకలేదు. కూత రద్దు. కారణం: సహక్రీడాకారిణి అనధికార ప్రవేశం. తెల్లచీటీ వర్తించదు. అంపైరు మూడు అభ్యర్థనలూ వీగినందున తొలగింపు."

పాత అంపైర్లు తిరిగి రావాలని నేను అడగడం లేదు. వాళ్లేమిటో నాకు తెలుసు. యంత్రాలు పగలగొట్టమనీ అనడం లేదు. యంత్రం తప్పు చేస్తుంది, మనిషీ తప్పు చేస్తాడు. అయితే మనిషి తప్పు చేస్తే వాడి ఇంటి ముందుకెళ్లి అరవగలం. నా ఇంటి ముందుకి రండి, అరవండి, తలుపు తీసే ఉంచుతాను. శ్రవణి ఇల్లెక్కడ? నమూనా పరిధి అనే మాట రాసిన మనిషి పేరేమిటి? నూటికి నాలుగే తప్పులు కదా అని మీరు సంతోషించినప్పుడు, ఆ నాలుగూ ఒకే శిబిరంలో, ఒకే రకం ఛాతీల మీద పడుతున్నాయేమోనని ఒక్కరైనా అడిగారా? పన్నెండేళ్ల కిందట మైకు పట్టుకున్న నేను అడిగానా?

అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. కిందివి కావాలి.

1. అసిరి ముప్పయ్యో కూత పూర్తయిందని ఈ పుస్తకంలో, మండలి పుస్తకంలో రాయాలి.

2. తోడు గడిలో ఉన్న గురమ్మని ఈ వారంలోనే గాలివాడకి పంపాలి. ఇప్పుడామె రెండోమెట్టు మీదే ఆగుతోంది.

3. శ్రవణి తప్పుల్ని శిబిరాలవారీగా లెక్కతీసి బయటపెట్టాలి.

4. రాయి కొట్టిన ఊపిరితిత్తుల్ని నమూనాలో చేర్చాలి. సన్నాసమ్మతో మొదలుపెట్టాలి. చేర్చేదాకా శిబిరాల్లో గొంతు పట్టీ కట్టకూడదు.

5. ఎర్రగుడ్డ ఎత్తితే వినేది మనిషి అయ్యుండాలి. ఆ మనిషి పేరు, ఊరు అందరికీ తెలియాలి.

6. మనిషి పడిపోతే గీత ఎవరైనా దాటొచ్చని నియమం రాయాలి.

7. బరికి రోజుకి ఆరు బిందెల నీళ్లు ఇవ్వాలి.

8. ఊపిరి కట్టే ఆ విద్య మీ పిల్లల చేత మాన్పించండి. అది నేర్పింది నేను. విచారణ పెట్టండి, వస్తాను.

9. నా తొలగింపు రద్దు చెయ్యొద్దు. నా చోట గీత మీద ఇంకో మనిషిని నిలబెట్టండి. ఆమెకి దీపం కనపడకుండా చెయ్యండి.